అత్తగారు అడిగిన భోజనం

పోయిన వారం మన లెక్కల టీచరుని, కారు తాళాలు చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడి ఉండగా వదిలేశాం. ఆ రోజు ఆమె బడికి సెలవు పెట్టింది. పాపని దింపి వచ్చి కాసేపు నడుం వాల్చుదామనుకుంటే, అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, కారు ముందు సీట్లో ఎక్కి కూర్చున్నారు. సీటుబెల్టు కూడా పెట్టేసుకున్నారు. ఎక్కడికి అత్తయ్యా అని అడిగితే, "వాడు ఆఖరిసారి ఎక్కడ తిన్నాడో అక్కడికి" అన్నారు. 

మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం జరిగింది క్లుప్తంగా చెప్పుకుందాం. టీచరు భర్తకి వేరుశెనగ పడదు. పడదంటే దురదలూ దద్దుర్లూ కాదు, గొంతు మూసుకుపోతుంది. మూడు నెలల కిందట ఆ శివారు హోటల్లో గిన్నెడు నూడుల్స్ తిన్నాడు. వాటి సాస్‌లో వేరుశెనగ ముద్ద ఉంది. అంబులెన్సు వచ్చేసరికి చెయ్యి దాటిపోయింది. ఆస్పత్రిలో డాక్టరు, హోటల్ వాళ్లకి ముందే చెప్పారా అని అడిగితే టీచరు "చెప్పాను" అంది. తనిఖీ అధికారి అడిగితే మళ్లీ అదే అంది, అదే మాట కాగితం మీద రాసి సంతకం కూడా చేసింది. నిజానికి ఆమె చెప్పలేదు. మనం ఆమెని తిట్టుకోవచ్చు, తిట్టుకోండి. మూడు నెలలుగా ఆమె కూడా ఆ పని మీదే ఉంది.

కారులో ఇరవై నిమిషాలు ఇద్దరూ నోరు మెదపలేదు. ఇది వాళ్లకి కొత్త కాదు. అతను పోయినప్పటి నుంచి అత్తాకోడళ్ల మధ్య నడిచే మాటలన్నీ పాప చుట్టూ తిరిగేవే. పాలు తాగిందా, జడ వేశావా, హోంవర్కు అయిందా. కొడుకు పోయిన తల్లి ఎంత ఏడవాలో అంతా ఏడ్చారు అత్తగారు. కాకపోతే కోడలి ముందు ఏడవలేదు, గది తలుపు వేసుకుని ఏడ్చారు. నా మొహం చూడలేకే అలా చేస్తున్నారని టీచరు ఒకసారి అనుకునేది, కాదులే, నేను బెంగపడతానని అలా చేస్తున్నారని ఇంకోసారి సర్దిచెప్పుకునేది. ఏది నిజమో అడిగే ధైర్యం ఆమెకి లేదు.

ఫ్లైఓవరు దిగగానే ఒకే అచ్చులో పోసినట్టుండే అపార్టుమెంట్లు, వాటికి ఎదురుగా వరసగా ఆరు షాపులు. లాండ్రీ, టైర్లు మార్చే షెడ్డు, పెంపుడు కుక్కలకి జుట్టు కత్తిరించే చోటు, మందుల షాపు, ఎప్పుడు చూసినా షట్టరు దించి ఉండే బ్యూటీ పార్లరు, ఆ చివర హోటలు. ముందు పది కార్లు పట్టే జాగా. అంబులెన్సు ఆగిన చోట కారు ఆపకూడదని టీచరు దారి పొడుగునా అనుకుంటూనే వచ్చింది. చివరికి ఆ ఒక్క చోటే ఖాళీ దొరికింది.

తెల్ల గుడ్డలు పరిచిన బల్లలూ, వంగి వంగి దణ్ణాలు పెట్టే వెయిటర్లూ ఉండే రకం హోటల్ కాదది. ఇంట్లో బట్టలతో, కాళ్లకి ఏ చెప్పులుంటే వాటితో వచ్చి తినిపోయే చోటు. నాలుగు దేశాల వంటల్ని ఒకే పెనంలోకి దింపడం ఆ యజమాని పిచ్చి. చైనా నూడుల్స్ మీద థాయి సాస్ పోస్తాడు, జపాన్ అన్నం చుట్టల్లో కొరియా ఊరగాయ కూరుతాడు. గోడలకి వెదురు బొమ్మల కాగితం, పైన ఎర్ర కాగితపు లాంతర్లు, ప్రతి బల్ల మీదా మూడు సాస్ సీసాలు. ఒకప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నరకి వస్తే బయట బెంచీ మీద కూర్చుని పిలుపు కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. ఇప్పుడు పన్నెండు బల్లల్లో రెండింటి దగ్గరే మనుషులున్నారు.

తలుపు అద్దానికి కొత్త బోర్డు అంటించారు. మా వంటల్లో వేరుశెనగ, నువ్వులు, రొయ్యలు వాడతాం, పడనివారు దయచేసి ముందుగా చెప్పండి అని చేత్తో రాసి ఉంది. అత్తగారు ఆగి, కళ్లజోడు తీసి పమిట చెంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివారు. బాగా రాశారు అన్నారు. టీచరు తలుపు తోసి పట్టుకుంది.

యజమానే అక్కడ వంటాయన కూడా. వచ్చింది ఎవరో చూడగానే ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. కర్మ జరిగిన రోజున ఇంటికి వస్తే చుట్టాలు గేటు బయటి నుంచే పంపేశారు, అందుకని ఇవాళ ఈవిడ తనని కడిగిపారెయ్యడానికే వచ్చారనుకున్నాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అత్తగారు మాత్రం చుట్టపుచూపుకి వచ్చిన మనిషిలా నెమ్మదిగా, నా కొడుకు ఏ బల్ల దగ్గర కూర్చున్నాడు నాయనా అని అడిగారు. ఆయన కిటికీ పక్క బల్ల చూపించాడు. ఆ రోజు నుంచీ అక్కడ ఎవరినీ కూర్చోబెట్టడం లేదట, పైన ఒక పూలకుండీ పెట్టి ఉంచాడు. తనే వచ్చి కుండీ తీసి, తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాడు.

అతను కూర్చున్న కుర్చీలో అత్తగారు కూర్చున్నారు. టీచరుకి తన పాత కుర్చీయే మిగిలింది.

సరిగ్గా అప్పుడే వంటగది తెర పక్కకి జరిగింది. రెండు గ్లాసుల మంచినీళ్లు పళ్లెంలో పెట్టుకుని వస్తున్న మనిషిని టీచరు చూడగానే గుర్తుపట్టింది. ఆ రోజు తమ ఆర్డరు తీసుకున్న ఆమెని పనిలోంచి తీసేశారని, కేసు సంగతులు చూస్తున్న మరిది చెప్పాడు. ఆ ధైర్యంతోనే కదా ఇందాక కారు తాళం తిప్పింది.

ఆమెకి ముప్పై అయిదు దాటి ఉంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. ఆ హోటల్లో అందరూ ఆమెని టేపురికార్డరు అని పిలుస్తారు. ఏడు బల్లల ఆర్డర్లు ఒకేసారి తీసుకున్నా కాగితం ముట్టుకునేది కాదు. ఎవరికి కారం తగ్గించాలో, ఎవరికి ఉల్లి వద్దో, ఏ పిల్లాడికి గుడ్డు విడిగా ఇవ్వాలో, అన్నీ బుర్రలో వేసుకుని, వంటగది కిటికీ దగ్గర నిలబడి ఎవరు ఏ మాట అన్నారో ఆ మాటే గడగడా అప్పజెప్పేది. నాలుగేళ్లలో ఒక్క పొరపాటు లేదు. ఈ పనితనం చూడ్డానికే కొందరు వచ్చేవాళ్లు, కావాలని మెలికలు పెట్టి ఆర్డరు ఇచ్చి పందేలు వేసుకునేవాళ్లు. యజమాని కూడా మురిసిపోయి, మా దగ్గర చీటీల గోల లేదని చెప్పుకునేవాడు. తీరా ఆ రోజు ఎవరు ఏం చెప్పారో చూపించడానికి ఒక్క చీటీ కూడా లేకపోయింది. టీచరు మాట ఒకటి, టేపురికార్డరు మాట ఒకటి. భర్త పోయిన మనిషి మాటకే అందరూ విలువ ఇచ్చారు.

ఇప్పుడామె నడుముకి ఒక నోటుబుక్కు వేలాడుతోంది. గ్లాసులు పెడుతుంటే నీళ్లు బల్ల మీద ఒలికాయి. మీలో ఎవరికైనా పడనివి ఉన్నాయా అమ్మా అని ముందు అదే అడిగింది. ఇద్దరినీ విడివిడిగా అడిగింది. లేవని చెప్తే, లేవు అని రాసుకుంది, రాసింది మళ్లీ చదివి వినిపించింది.

తన కొడుకు ఏది తిన్నాడో అదే కావాలన్నారు అత్తగారు. ఆ వంట ఇప్పుడు చెయ్యడం లేదని టేపురికార్డరు గొణిగింది. అత్తగారు యజమాని వైపు చూశారు. ఆయన తల వంచుకుని వంటగదిలోకి వెళ్లాడు. టీచరు ఏదో ఒక సూపు చాలంది. ఆమె గొంతు ఆమెకే అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

ఇక ఆ రోజు సంగతి. గొడవ దేని గురించో వింటే మీకు నవ్వొస్తుంది. పడగ్గది రంగు గురించి. టీచరు బడిలో ఉండగా పెయింటరు ఫోన్ చేసి, ఏ రంగు వెయ్యమంటారండీ అని అతన్ని అడిగాడు. ఏదైనా పర్వాలేదన్నాడు అతను. పెయింటరు తన దగ్గర మిగిలిపోయిన ఆస్పత్రి ఆకుపచ్చ తెచ్చి నాలుగు గోడలకీ పట్టించి చక్కాపోయాడు. పదకొండేళ్ల కాపురంలో అతను 'ఏదైనా పర్వాలేదు' అనని రోజు లేదు. కూర ఏది చెయ్యాలన్నా అదే, పాపకి పేరు ఏది పెట్టాలన్నా అదే. తన వేరుశెనగ సంగతి నలుగురిలో చెప్పుకోవడం కూడా అతనికి నామోషీ, చిన్నపిల్లాడిలా ఉంటుందట. అందుకని పెళ్లయిన మర్నాటి నుంచీ ఆ మాట ఆమే చెప్పేది. పెళ్లి భోజనాల్లో, ఆఫీసు విందుల్లో, రైల్లో, ఎక్కడ విస్తరి ముందు కూర్చున్నా, "ఈయనకి వేరుశెనగ పడదండీ" అని ముందు ఆమె గొంతు వినపడేది. అత్యవసరానికి డాక్టరు రాసిచ్చిన ఇంజెక్షను ఇంట్లో బీరువాలో అలాగే ఉండిపోయేది. దాని అవసరం ఎప్పుడూ రాలేదు. భార్య నోరే అతని మందు.

ఆ రోజు కారులో ఆమెకి ఒళ్లు మండిపోయింది. "ఇవాళ మీ బదులు నేను మాట్లాడను. మీ నోటితో మీరే మాట్లాడుకోండి" అంది. అని ఊరుకోవడమే కాదు, ఆ పంతం నిలబెట్టుకుంది కూడా. హోటల్లోకి రాగానే అతను ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లాడు. ఆమె మెనూలో వేలు పెట్టి తనకి కావలసింది చూపించింది. అతను తిరిగి వచ్చి నూడుల్స్ చెప్పాడు. చెప్పి, ఆమె వైపు చూశాడు. ఆ చూపులో అడగడం లేదు, అనుమానం లేదు. చెప్పేసే ఉంటుందిలే అనే ధీమా ఉంది. "అంతేనా అమ్మా?" అని టేపురికార్డరు అడిగింది. "అంతే" అంది టీచరు, కిటికీలోంచి టైర్ల షెడ్డు వైపు చూస్తూ.

ఆమె నోరు మూసుకున్నది అతన్ని చంపాలని కాదు. అతను నోరు తెరిచి ఒక్కసారి, ఒక్క మాట, తన కోసం తను చెప్పుకోవాలని ఊరుకుంది. ఆ తర్వాత తన గిన్నె వచ్చింది, ఆకలి మీద ఉంది, కోపం మీద ఉంది, ఆ సంగతే మరిచిపోయింది. నిజంగా మరిచిపోయింది. డాక్టరు అడిగిన క్షణంలో గుర్తొచ్చింది. అంతలో నోరు "చెప్పాను" అనేసింది. పదకొండేళ్లుగా చెప్తూనే ఉన్న నోరు కదా అని తనకి తను ఎన్నిసార్లు చెప్పుకుందో. ఆ సమాధానం ఒక్క రాత్రి కూడా ఆమెకి నిద్ర పట్టించలేదు.

గిన్నెలు వచ్చాయి. ఇప్పుడు టీచరు ముందు సూపు ఉంది, అత్తగారి ముందు అదే వెడల్పాటి నీలం గిన్నె, అవే నూడుల్స్, పైన అదే ఎర్రటి సాస్. యజమాని స్వయంగా తెచ్చి పెట్టి, ఇందులో ఏమేం వేశాడో అడక్కుండానే ఒక్కొక్కటీ చెప్పాడు. వేరుశెనగని మాత్రం అన్నిటికంటే చివర చెప్పాడు. అత్తగారు తల ఊపి, చెంచా ఉందా నాయనా అని అడిగారు. ఈ చైనా పుల్లలతో తింటే తినడం పూర్తయ్యేసరికి మళ్లీ ఆకలేస్తుంది అన్నారు. ఎప్పుడైనా అయితే అది నవ్వుకునే మాటే. ఆయన పరుగున వెళ్లి చెంచా తెచ్చాడు.

అత్తగారు తినడం మొదలుపెట్టారు. ఆవిడ ఏడుస్తారని టీచరు అనుకుంది. గిన్నె నెట్టేస్తారని, యజమాని మొహాన కొడతారని కూడా అనుకుంది. అలాంటిదేమీ జరగలేదు. పూజ చేసుకుంటున్నంత శ్రద్ధగా, ఒక్కొక్క ముద్ద నమిలి, రుచి చూసి, మింగారు. సగం దాకా వచ్చాక ఆగి, నీళ్లు తాగారు.

"రుచిగానే ఉంది" అన్నారు. "వాడు ఇష్టంగానే తిని ఉంటాడు."

 టీచరు చెంచా కింద పెట్టి, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. నిజమే, అతను ఇష్టంగానే తిన్నాడు. బాగుంది, రుచి చూస్తావా అని గిన్నె ఆమె వైపు జరిపాడు కూడా. ఆమె తల తిప్పుకుంది. రుచి చూసి ఉంటే వేరుశెనగ తగిలేది, ఒక్క చెంచాతో అంతా ఆగిపోయేది. ఈ ఒక్కటి మాత్రం ఆమె తనకి తను కూడా ఇప్పటిదాకా చెప్పుకోలేదు.

నోటుబుక్కు రెండు చేతులతో పట్టుకుని టేపురికార్డరు మళ్లీ వచ్చింది. ఇంకేమైనా కావాలా అని అడగడానికి కాదు. ఇంతసేపూ వంటగదిలో కూడగట్టుకున్న ధైర్యం మొహంలో తెలుస్తూనే ఉంది. ఒక్క మాట మాట్లాడొచ్చా అమ్మా అని అత్తగారిని అడిగింది. మాట్లాడమన్నారు ఆవిడ.

చాలా కాలం వాదించానని చెప్పింది టేపురికార్డరు. నాతో ఎవరూ ఏమీ చెప్పలేదని అధికారి దగ్గర ఏడ్చానని, పిల్లల మీద ఒట్టు వేశానని చెప్పింది. కానీ వాళ్లు మళ్లీ మళ్లీ పిలిచి అదే అడిగారు. టీచరమ్మ లాంటి చదువుకున్న మనిషి, మొగుణ్ని పోగొట్టుకున్న మనిషి, అబద్ధం ఎందుకు ఆడుతుందని అడిగారు.  ఇంటికి వెళ్లి కళ్లు మూసుకుంటే ఆ మధ్యాహ్నమంతా మళ్లీ మొదటి నుంచి నడిచేది.

"ఇప్పుడు నాకు కనిపిస్తోందమ్మా" అంది, టీచరు వైపు తిరిగి. "మీరు చెప్తున్నట్టే కనిపిస్తోంది. ఈ కుర్చీలోనే కూర్చుని, నా మొహంలోకి చూసి, ఈయనకి వేరుశెనగ పడదు అని అన్నారు. మీ పెదాలు కదలడం కూడా కనిపిస్తోంది. మరి అది వంటగది దాకా ఎందుకు తీసుకెళ్లలేదో నాకే తెలియట్లేదు. నా బుర్ర మీద నాకు అంత పొగరుండేది."

సోమవారం పొద్దున తనిఖీ ఆఫీసుకి వెళ్లి, తప్పు తనదేనని రాసి సంతకం పెడతానంది. ఆ సంతకం పడితే ఇక ఏ హోటల్లోనూ ఆమెని పనిలో పెట్టుకోరు, పైన కోర్టు కేసు ఉండనే ఉంటుంది. యజమాని వద్దన్నాడు. తన మొగుడూ వద్దన్నాడు. కానీ ఇలా రోజూ తన మీద తనకే అనుమానం పెట్టుకుని బతకడం కంటే అదే నయమంది. ఈ మధ్య పొయ్యి ఆర్పానో లేదో అని ఇంటికి మూడుసార్లు తిరిగి వెళ్తోందట, పిల్లల టిఫిను డబ్బాలు మూత తీసి మళ్లీ మళ్లీ చూసుకుంటోందట. ఇదంతా ఏడవకుండానే, ఆర్డరు అప్పజెప్పినట్టు వరసగా చెప్పింది.

 తన అబద్ధం వల్ల ఈ మనిషి పని పోతుందని టీచరుకి తెలుసు. కేసు అవుతుందని తెలుసు. అవన్నీ రోజూ తలుచుకుంటూనే, పాప మొహం చూసి, అత్తగారి మొహం చూసి, ఎక్కడో లోపల మూట కట్టి పెట్టేస్తోంది. కానీ తన అబద్ధం ఇంకొకరి బుర్రలోకి దూరి, అక్కడ జ్ఞాపకమై కూర్చుంటుందని ఆమె ఊహించలేదు. చేసిన మనిషి మరిచిపోలేకపోతోంది, చెయ్యని మనిషికేమో చేసినట్టే గుర్తొస్తోంది. ఇంతకంటే ఘోరం ఏముంటుంది. ఇప్పుడే, ఇక్కడే చెప్పెయ్యాలనుకుంది. నేను చెప్పలేదు అనే రెండు మాటలు నాలుక మీదికి వచ్చాయి కూడా. ఎదురుగా అత్తగారు ఆ నీలం గిన్నెలో మిగిలిన నూడుల్స్ చెంచాతో ఒక పక్కకి చేరుస్తున్నారు. ఆ చేతులు చూసేసరికి మాట మళ్లీ లోపలికి పోయింది. ఈ మాట చెప్తే ఆ ముసలావిడకి కొడుకే కాదు, కోడలూ పోతుంది. పాపకి తల్లి కూడా పోతుంది. ఎటు తిరిగినా గోడే.

ఆమె చేసిందల్లా తల వంచుకోవడం. టేపురికార్డరు దాన్ని దుఃఖమనుకుంది, పాపం. పక్క బల్ల వాళ్లు పిలుస్తుంటే, ఒక్క నిమిషంలో వస్తానమ్మా అని వెళ్లింది.

ఆమె అటు వెళ్లగానే అత్తగారు మాట్లాడారు. గొంతు పెంచలేదు. పాపకి చారు కలపమని చెప్పేటప్పుడు ఎలా చెప్తారో అలాగే చెప్పారు.

"ఆ రోజు వాడు నాకు ఫోన్ చేశాడమ్మాయీ. పాప అన్నం తిందా అని."

టీచరు తల ఎత్తింది. ఆ రోజు అతను ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లింది ఎవరితో మాట్లాడ్డానికో ఆమె ఏనాడూ అడగలేదు. కోపంలో ఉండి అప్పుడు అడగలేదు, తర్వాత అడగడానికి మనిషి లేడు.

"మీరిద్దరూ మాట్లాడుకోవడం లేదని చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. రంగు సంగతి కూడా చెప్పాడు. మరి నీకు పడని సంగతి ఎవరు చెప్తార్రా అని అడిగాను. అది మాత్రం చెప్పేస్తుందిలే అమ్మా, ఎంత కోపమున్నా అది మానదు అన్నాడు." అత్తగారు గిన్నె పక్కకి జరిపారు. "ఫోన్ కట్ చెయ్యకుండానే జేబులో వేసుకున్నాడు. పాప నాన్న గొంతు వింటానంటే నేనూ కట్ చెయ్యలేదు. వాడు నూడుల్స్ అనడం విన్నాను. ఆ అమ్మాయి అంతేనా అని అడగడం విన్నాను. నువ్వు అంతే అనడం విన్నాను."

హోటల్లో ఫ్యాను తిరుగుతోంది. వంటగదిలో పెనం మీద ఏదో చుయ్‌మంది. 

"ఫోన్‌లోంచి నేనే అరవొచ్చు" అన్నారు అత్తగారు. "ఒరేయ్, చెప్పరా అని ఒక్క కేక వేస్తే వాడు వినేవాడు. మొగుడూ పెళ్లాల మధ్య నేనెందుకులే, దూరంగా ఉంటేనే మర్యాద అనుకున్నాను. పాప పాలు అడిగింది. ఫోన్ పెట్టేశాను."

 మూడు నెలల్లో మొదటిసారి కోడలి ముందు ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారాయి. తుడుచుకోలేదు. కొడుకు పోయాక ప్రతి రాత్రీ ఆ తలుపు వెనక ఆవిడ ఏడ్చింది కేవలం కొడుకు కోసం కాదని టీచరుకి అప్పుడు అర్థమైంది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే తప్పుని చెరో గదిలో దాచుకుని, మధ్యలో పాపకి జడలు వేస్తూ బతికారు.

"నువ్వు చెప్తావేమోనని ఎదురుచూశాను" అన్నారు అత్తగారు. "ఇవాళ చెప్తుంది, రేపు చెప్తుంది అనుకున్నాను. నేను అడిగి చెప్పించుకుంటే అది నీ మాట అవదని ఊరుకున్నాను. ఈ పిల్ల సోమవారం సంతకం పెడుతుందని నిన్న నీ మరిది ఫోన్‌లో చెప్పాడు. ఇంక ఊరుకోలేను. నిన్ను ఇక్కడికి తీసుకొచ్చింది నూడుల్స్ తినడానికని అనుకున్నావా?"

టీచరు కుర్చీలోంచి లేవబోయింది. ఎక్కడికో ఆమెకే తెలియదు. అత్తగారు బల్ల మీదుగా చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకున్నారు. పడిపోకుండా ఆపుతున్నారో, పారిపోకుండా ఆపుతున్నారో చెప్పలేం. ఆ వయసు చేతిలో అంత బలం ఉంటుందని టీచరు అనుకోలేదు. ఇంటికి వెళ్లి మాట్లాడుకుందాం అత్తయ్యా అని మాత్రం అనగలిగింది. అత్తగారు అడ్డంగా తల ఊపారు.

పక్క బల్ల పని చూసుకుని టేపురికార్డరు తిరిగి వచ్చింది. అత్తగారు ఖాళీ చేత్తో మూడో కుర్చీ వెనక్కి లాగారు.

"కూర్చో తల్లీ. మా కోడలు నీకో మాట చెప్పాలి."

పనిలో ఉన్నప్పుడు బల్ల దగ్గర కూర్చోకూడదని ఆ హోటల్లో నియమం. టేపురికార్డరు వంటగది వైపు చూసింది. తెర పక్కన నిలబడి ఉన్న యజమాని, కూర్చో అన్నట్టు సైగ చేశాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది. టీచరు కళ్లనిండా నీళ్లు, వణుకుతున్న పెదాలు, ఆ మణికట్టు మీద అత్తగారి చెయ్యి, అన్నీ చూసి ఆమె తనకి తోచిన అర్థమే తీసుకుంది. రెండు చేతులూ జోడించింది.

"క్షమించాను అని మాత్రం అనకండమ్మా" అంది. "అది వింటే నేను తట్టుకోలేను."

అత్తగారు కోడలి మణికట్టు వదిలిపెట్టారు.